అత్త అడిగిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏ బావిలో చేద వేసినా ఉప్పు నీళ్ళే పైకొచ్చేవి. గొడ్లు కడగడానికీ, గిన్నెలు తోముకోవడానికీ తప్ప వాటితో పని లేదు. ఆ నీళ్ళు పోసి కందిపప్పు పొయ్యి మీద పెడితే కట్టెలు అయిపోయేవే గానీ పప్పు మెత్తబడేది కాదు. అందుకని తాగే నీళ్ళూ వంట నీళ్ళూ ఊరి చివర మంచినీళ్ళ చెరువు నుంచి మోసుకు రావాల్సిందే. కాలవ వదిలినప్పుడు ఆ చెరువు నింపుకుని ఏడాదంతా పొదుపుగా వాడుకునేవాళ్ళం. మా ఇంట్లో ఆ మోత మా మేనత్తది. తలమీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని ఆమె నడుస్తుంటే చుక్క తొణికేది కాదు. నేను చిన్న చెంబుతో వెనకాలే నడిచి, ఇంటికి చేరేసరికి సగం గౌను మీద పోసుకునేదాన్ని.

ఇది తొంభైల చివరి మాట. చిలకలూరిపేటకు పడమట, కనుచూపు మేర నల్లరేగడి తప్ప మరొకటి కనపడని పల్లె మాది. ఆ పొలాల్లో వెతికినా ఒక గులకరాయి దొరకదు. ఆడుకోవడానికి రాళ్ళు కావాలంటే పిల్లలం తారు రోడ్డు దాకా వెళ్ళి ఏరుకొచ్చేవాళ్ళం. వానాకాలంలో ఆ మట్టి కాళ్ళకు చెప్పులు ఉంచేది కాదు. ఎండాకాలంలో మోచేతి దాకా చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేది. పత్తి, మిరప, శనగ, ఏది వేసినా మాత్రం విరగపండేది. ఆ నేలంటే మా తాతయ్యకు దేవుడి మీద ఉన్నంత గురి.

తాతయ్యకు ఒక అలవాటు ఉండేది. ఏ ఊరు వెళ్ళినా ముందు వంగి గుప్పెడు మట్టి తీసి, పిడికిట్లో గట్టిగా పిసికి, తెరిచి చూసేవాడు. మట్టి ఉండ కట్టి దాని మీద వేళ్ళ అచ్చు నిలిస్తే ఆ ఊరు మంచిది, ఆ ఊరి మనుషులు మంచివాళ్ళు. ఉండ విరిగిపోయిందా, ఇక ఆ ఊరి గురించి ఎవరెంత చెప్పినా చెవికెక్కించుకోడు. వినుకొండ వైపు ఒక పెళ్ళికి వెళ్ళొచ్చి, "గరుసు నేల. మాట మీద నిలబడరు వాళ్ళు" అనేశాడు. అక్కడ ఆయనకు మాట ఇచ్చినవాళ్ళూ లేరు, తప్పినవాళ్ళూ లేరు. గుంటూరులో ఆసుపత్రికి తీసుకెళితే అక్కడి పూలకుండీలో మట్టి కూడా పిసికి చూశాడని మా నాయనమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

ఆ ఏడాది మాఘమాసంలో మా అత్తకు చీరాల అవతల నుంచి, సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఇంటికి పిడుగురాళ్ళ సున్నం వేయించారు. మా నాన్నా బాబాయీ మిరపకాయల కల్లం దగ్గర నుంచి స్నానానికి మాత్రం వచ్చి చొక్కాలు మార్చుకున్నారు. పెళ్ళికొడుకు, అతని తల్లిదండ్రులు, నాయనమ్మ కలిసి వచ్చారు. ఆ నలుగురిలో మాట చెల్లేది నాయనమ్మదేనని ఆవిడ గుమ్మం దాటుతుండగానే అందరికీ అర్థమైంది. సన్నగా, ఎండిన సొరకాయ బుర్రలా తేలిగ్గా ఉండేది మనిషి. కళ్ళు మాత్రం ఒక్కచోట నిలిచేవి కావు. ఆవిడ మా తాతయ్యను "అన్నయ్యగారూ" అంది, తాతయ్య ఆవిణ్ణి "అక్కగారూ" అన్నాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో చివరిదాకా తేలనేలేదు.

మిరపకాయలు ఆరబోసే రోజుల్లో మా ఊళ్ళో గాలే ఘాటుగా ఉంటుంది. మాకు అలవాటే గానీ పాపం వాళ్ళకు కాదు. "అమ్మాయి నచ్చిందా బాబూ?" అని మా నాయనమ్మ అడగడం, పెళ్ళికొడుకు నోరు తెరవడం, మాటకు బదులు పెద్ద తుమ్ము రావడం ఒక్కసారే జరిగాయి. అతని తల్లి ముఖం పాలిపోయింది. శుభమా అని మాట్లాడుకుంటుంటే తుమ్మా! మా తాతయ్య పకపకా నవ్వాడు. "మిరపకాయల కాలంలో మా ఊళ్ళో తుమ్ముకి శకునం లేదమ్మా. అదే చూసుకుంటే ఇక్కడ ఒక్క ముహూర్తం కుదరదు" అన్నాడు. ఆ మాటకు పెళ్ళికొడుకు మళ్ళీ తుమ్మాడు. కళ్ళ నిండా నీళ్ళతో, ముక్కు ఎర్రగా చేసుకుని, తల వంచుకుని నవ్వుకుంటున్న అతన్ని మా అత్త తలుపు సందులోంచి చూసింది. అతను ఆమెకు నచ్చేశాడు. నాకెలా తెలుసంటే, ఆ సాయంత్రం మొదటిసారి ఆమె బిందె తొణికింది.

వాళ్ళు వెళ్ళబోయే ముందు తాతయ్య ఆ పెద్దావిణ్ణి పొలం చూడటానికి తీసుకెళ్ళాడు. నేనూ వెంటపడ్డాను. పత్తి చేను చివరి తీతకు వచ్చి అక్కడక్కడా తెల్లగా విచ్చి ఉంది. ఆవిడ గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, "ఈ మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు అన్నయ్యగారూ?" అని అడిగింది.

తాతయ్య కాసేపు తెల్లబోయాడు. తర్వాత ఒక గుప్పెడు మట్టి తీసి, పిసికి, ఆ ఉండను ఆవిడ చేతిలో పెట్టాడు. "ఎవరూ పొయ్యరు అక్కగారూ. వానాకాలం తాగిందాన్ని ఈ నేలే కడుపులో దాచుకుంటది. మంచుకే పండుద్ది ఇది" అన్నాడు. ఆవిడ ఆ ఉండను తిప్పి తిప్పి చూసింది, వేలితో నొక్కింది, చీర కొంగుకు ముడేసుకుంది. వాళ్ళు వెళ్ళాక వారం రోజులు మా ఇంట్లో ఇదే నవ్వు. తాతయ్య వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు, "పత్తి చేనుకి నీళ్ళెవరు పోస్తారంట! మల్లెచెట్టు అనుకుంది కాబోలు" అని.

ఆడపిల్లనిచ్చేవాళ్ళు ఇల్లూ పొలమూ చూసి రావాలి కదా. కల్లం వదిలి మా నాన్న, బాబాయి కదలలేరు కనక తాతయ్య బయల్దేరాడు, నన్ను వెంటబెట్టుకుని. నేను వెళతానని మొండికేశానని ఇంట్లో అందరూ అనుకున్నారు గానీ, ఆ మొండిపట్టు నేర్పింది అత్తే. ముందు రోజు నన్ను దొడ్లోకి తీసుకెళ్ళి చెవిలో చెప్పింది.

"నేలా ఇల్లూ మీ తాత చూసుకుంటాడు గానీ, నువ్వక్కడ నీళ్ళు తాగి చూసిరావే. మన బావి నీళ్ళలాంటివైతే నాకు నిజం చెప్పెయ్. నీ నోట్లో నువ్వుగింజ నానదుగా, అందుకే నిన్ను పంపుతున్నా."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఇల్లు పెద్దదా, పెంకుటిల్లా, డాబానా అని కూడా అడగలేదు. ఉప్పు బావుల ఊళ్ళో పుట్టి, జ్ఞానం వచ్చినప్పటి నుంచీ బిందెలు మోసిన మనిషికి మిగతావన్నీ తర్వాతే కదా. సముద్రం పక్కన ఊరంటే అక్కడి నీళ్ళు ఇంకెంత ఉప్పగా ఉంటాయోనన్న బెంగ ఆమె గొంతులో తెలుస్తూనే ఉంది. నచ్చిన మనిషి ఒక పక్క, బతుకంతా తాగాల్సిన నీళ్ళు ఒక పక్క.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. అంతకుముందు నేను చిలకలూరిపేట దాటి ఎరగను. ఊరి దగ్గర బస్సెక్కినప్పుడు రెండు పక్కలా ఎర్రటి కల్లాలు. పొలాల్లో ఎవరో చీరలు ఆరేసినట్టు మిరపకాయలు. పేట సెంటర్లో బస్సు మారుతుండగా, చీమకుర్తి నుంచి వచ్చిన లారీ ఒకటి నల్లటి బండరాయిని గొలుసులతో కట్టుకుని మూలుగుతూ మలుపు తిరిగింది. మా గదంత రాయి. రాయి కోసం రోడ్డు దాకా నడిచే ఊరి పిల్లను నేను, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పర్చూరు దగ్గరికొచ్చేసరికి రంగు మారింది. పందిళ్ళ కింద పొగాకు దండలు వేలాడుతూ, బస్సులోకి తియ్యటి మత్తు వాసన కొట్టింది. చీరాల ఇంకొంచెం దూరం ఉందనగా నల్లమట్టి ఉన్నట్టుండి ఆగిపోయి కాలవ, పచ్చటి వరి వచ్చాయి. చీరాల దాటాక సందుల్లోంచి మగ్గాల టకటక. ఆ తర్వాత జీడిమామిడి చెట్లు, తాటిచెట్లు, సరుగుడు తోటలు. పొద్దున అన్నం తిని బయల్దేరి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇన్ని నేలలు దాటాం. దేశమంటే పుస్తకంలో రంగులేసిన పటమనుకునేదాన్ని. అది మా బస్సు కిటికీలోంచే మొదలవుతుందని నాకెవరూ చెప్పలేదు.

తాతయ్య మాత్రం బస్సు ఆగిన చోటల్లా దిగి మట్టి పిసుకుతూనే ఉన్నాడు. పర్చూరు మట్టికి తల ఊపాడు. చీరాల మట్టికి పెదవి విరిచాడు.

పెళ్ళికొడుకు మేం బస్సు దిగిన చోటికే వచ్చి మమ్మల్ని ఆటోలో ఊరికి తీసుకెళ్ళాడు. ఈసారి తుమ్మలేదు గానీ మాట్లాడలేదు కూడా. ఇంట్లో మర్యాదలకు లోటు లేదు. వెళ్ళగానే గోళీసోడా, తర్వాత కొబ్బరిబొండాం, తర్వాత మజ్జిగ, అన్నం మధ్యలో మళ్ళీ మజ్జిగ, తిన్నాక కాఫీ. నా తిప్పలు ఎవరికి చెప్పుకోను! నేను వచ్చిందే నీళ్ళు తాగడానికి. "నాకు నీళ్ళు" అన్నప్పుడల్లా, "ఉత్త నీళ్ళెందుకమ్మా" అంటూ ఇంకోటేదో చేతిలో పెడుతున్నారు. కడుపు ఉబ్బిపోయింది, అత్త పని మాత్రం కాలేదు.

ఎండ కాస్త వాలాక పెళ్ళికొడుకు తోటకు నీళ్ళు పెట్టాలని ముందే వెళ్ళిపోయాడు. "పదండి అన్నయ్యగారూ, పొలం చూద్దురుగాని" అంటూ పెద్దావిడ మమ్మల్ని బయల్దేరదీసింది. ఊరి బయట దారి రెండుగా చీలింది. అందరూ నడిచి నడిచి గట్టిపడిన బాట ఎడమకు వెళుతోంది. ఆవిడ మమ్మల్ని కుడివైపు తిప్పింది. అటు బాటే లేదు. చీలమండల దాకా కూరుకుపోయే ఇసక. తాతయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ, లోలోపల గొణుక్కుంటూ నడిచాడు. ఒక ఇసక దిబ్బ ఎక్కాం.

అక్కడ నేను సముద్రం చూశాను.

ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. మా ఊళ్ళో పొలం ఎంత దూరం పోయినా చివరికొక తుమ్మచెట్టో, గడ్డివామో అడ్డం వచ్చి చూపు ఆగుతుంది. అక్కడ ఆపేదే లేదు. చూపు అలా వెళ్ళిపోతూనే ఉంది. ఆ హోరు చెవులతో కాదు, కడుపుతో విన్నట్టు అనిపించింది. నేను తాతయ్య పంచె పట్టుకున్నాను. ఆయన చెయ్యి నా తల మీద పడింది. అంత మనిషి కూడా కాసేపు మట్టి సంగతి మరిచిపోయాడు.

కాసేపే. దిబ్బ దిగి రెండు దిబ్బల నడుమ పల్లంలోకి రాగానే ఆవిడ ఆగి, "ఇదంతా మాదే" అంది. చుట్టూ తెల్లటి ఇసక. నాలుగు ముళ్ళకంపలు, పాకుతున్న ఏదో తీగ. అంతే. తాతయ్య వంగి పిడికెడు ఇసక తీసుకున్నాడు. పిసికాడు. ఎంత గట్టిగా పిసికితే అంత తొందరగా అది వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. పిడికిలి తెరిస్తే అరచేతిలో నాలుగు రేణువులు మెరిశాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. అదే వరస. చేతులు పంచెకు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

ఆవిడ ఆయన చేతి వంకే చూస్తోంది. "ఉండ కట్టలేదా అన్నయ్యగారూ?" అని మెల్లగా అడిగింది.

"పొద్దు పోతంది అక్కగారూ. మేం బయల్దేరతాం. సంగతి ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అన్నాడు తాతయ్య. ఆ గొంతు నాకు తెలుసు. మా ఇంట్లో ఎద్దును అమ్మనని చెప్పేటప్పుడూ, ఏ సంబంధమైనా వద్దనేటప్పుడూ అదే గొంతు. తలుపు సందులోంచి చూసిన అత్త ముఖం గుర్తొచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే, అదీ నేను చెయ్యలేదు. సంబంధం పోతే పోయింది, నీళ్ళ సంగతైనా తెలుసుకోకుండా ఇంటికెళ్ళి ఆమెకు నా ముఖం ఎలా చూపించను?

"నాకు దాహం!" అని అరిచాను. ఏడుపు కూడా కలిసింది కాబోలు.

తాతయ్య విసుక్కున్నాడు. "ఇక్కడెక్కడి నీళ్ళే, ఊళ్ళోకెళ్ళాక తాగుదువుగాని." పెద్దావిడ మాత్రం నా ముందు చతికిలబడి కూర్చుంది. ఆవిడ దగ్గర చెంబు లేదు, సీసా లేదు. చేత్తో ఇసక మీద చిన్న గుండ్రం గీసి, "దాహమైతే ఇదిగో, తవ్వుకో తల్లీ" అంది.

నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. అయినా రెండు చేతులతో కుక్కపిల్లలా తవ్వడం మొదలుపెట్టాను. పైన ఇసక వెచ్చగా ఉంది. కొంచెం లోపలికి వెళ్ళేసరికి చల్లబడింది. ఇంకొంచెం తవ్వేసరికి తడిసి ముద్దైంది, రంగు మారింది. మోచేయి లోతు దాటేసరికి గుంట అడుగున ఏదో కదిలింది. అన్ని వైపుల నుంచీ ఇసక లోపలే నడిచొస్తున్నట్టు నీళ్ళు వచ్చాయి. చప్పుడు లేదు. ఎవరూ పొయ్యలేదు. ముందు అరచెయ్యి తడిసింది, తర్వాత మునిగింది.

"మొదటి నీళ్ళు తోడి పారబొయ్యి. తేరనియ్యి. ఇప్పుడు తాగు" అంది ఆవిడ.

"ఏయ్, తాగమాక! సముద్రప్పక్కన ఉప్పు నీళ్ళు, వాంతులవుతాయ్!" తాతయ్య కేక పెట్టాడు. ఆ కేక నన్ను చేరేలోపే దోసిలి నా నోటి దగ్గరికి వచ్చేసింది.

తియ్యగా ఉన్నాయి. చక్కెర తీపి కాదు, చెరువు నీళ్ళ పసరు వాసన లేదు, బావి నీళ్ళ ఉప్పు లేదు. అప్పటిదాకా నేను తాగినవేవీ నీళ్ళు కావేమో అనిపించేంత చల్లగా, తేలిగ్గా ఉన్నాయి. పక్కనే, కేకేస్తే వినపడేంత దూరంలో, అంత ఉప్పు సముద్రం హోరుమంటోంది. నేను అంతదాకా మామూలుగా తొక్కుకుంటూ తిరిగిన భూమి, ఉన్నట్టుండి నాతో మాట్లాడినట్టు అనిపించింది.

"తాతయ్యా, తియ్యగున్నాయ్!"

ఆయన నమ్మలేదు. గుంటలోకి వంగి చూశాడు. ఆ పెద్దావిడ ముందే ఏదో ఏర్పాటు చేసి ఉంటుందని అనుమానం. నాలుగు అడుగులు పక్కకు జరిగి, పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కూలబడి తానే తవ్వడం మొదలుపెట్టాడు. జీవితమంతా మట్టిని పిడికిట్లో పిసికిన మనిషి మోచేతుల దాకా ఇసకలో చేతులు పెట్టి తవ్వుతుంటే చూడటం నాకు కొత్త. ఆయన గుంటలోనూ నీళ్ళు ఊరాయి. మొదటి నీళ్ళు పారబోశాడు. తేరేదాకా కదలకుండా కూర్చున్నాడు. అప్పుడు రెండు చేతులూ కలిపి దోసిలి పట్టి తాగాడు. ఒక దోసిలి, ఇంకో దోసిలి. మీసాల నుంచి నీళ్ళు కారుతుండగా అలాగే కూర్చుండిపోయాడు.

"మా ఊరి బావులు చేంతాడు మొత్తం దించితే ఉప్పు నీళ్ళిస్తయ్ అక్కగారూ" అన్నాడు. "ఇదేం మాయ?"

"మాయేముంది. మీ నేల గట్టిగా పట్టుకుంటది. మాది పట్టుకోదు. పడిన వాన పడినట్టే కిందికి వదిలేసుద్ది. ఆ వదిలిన నీళ్ళే ఇయ్యి" అంది ఆవిడ. అప్పుడు గానీ మాకు తెలియలేదు, ఆవిడ మంచి బాట వదిలి మమ్మల్ని ఈ బీడు దారిన ఎందుకు తిప్పిందో. ఆ రోజు పత్తి చేను గట్టు మీద తాతయ్య తన చేతిలో పెట్టిన మట్టి ఉండకు ఇది బదులు. "పదండి, ఇప్పుడు చూద్దురుగాని" అని ఆవిడ ముందు నడిచి రెండో దిబ్బ ఎక్కింది.

దిబ్బకు అవతల ఇంకో లోకం ఉంది. ఇసకలోనే మళ్ళు, మళ్ళ నిండా పచ్చదనం. శనక్కాయ, వంగ, చామంతి. ఒక పక్కంతా కనకాంబరాలు, సాయంత్రపు ఎండ నేల మీదికి దిగి పూసినట్టు. అక్కడక్కడా ఏటవాలుగా తవ్విన పెద్ద పెద్ద గుంటలు, వాటి అడుగున నీలంగా నీళ్ళు. వాటిని దొరువులంటారట. మా కాబోయే మామయ్య లుంగీ ఎగ్గట్టుకుని, రెండు చేతుల్లో రెండు కుండలతో దొరువులోకి దిగి, ముంచుకుని, పైకొచ్చి, మళ్ళ మధ్య నడుస్తూ రెండు పక్కలా నీళ్ళు చిలకరిస్తున్నాడు. కుండలు ఖాళీ అయ్యాక మళ్ళీ దిగడం. ప్రతి మొక్కకూ మనిషి చేతి నీళ్ళే. పొద్దునా సాయంత్రం, పంట ఉన్నన్నాళ్ళూ అంతేనట. ఒక్క పూట మానినా ఆ ఇసకలో మొక్క వాడిపోతుందట.

తాతయ్య దిబ్బ మీద నుంచుని చూశాడు. అప్పుడాయనకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే గుర్తొచ్చింది. ఈ మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు అన్నయ్యగారూ? వారం రోజులు మేమంతా నవ్వుకున్న ప్రశ్న. ప్రతి మొక్కకూ చేత్తో నీళ్ళు పోసే కుటుంబంలోని మనిషి, కనుచూపు మేర పత్తిని చూసి ఇంకేం అడుగుతుంది? అంత చేనుకు ఎంతమంది, ఎన్ని కుండలు మోస్తున్నారో అని ఆవిడ గుండె బరువెక్కి ఉంటుంది. "ఎవరూ పొయ్యరు" అన్నప్పుడు ఆవిడకు మా నేల ఎంత వింతగా తోచిందో, మాకు వాళ్ళ ఇసక అంత వింతగా తోచింది.

"ఉప్పు బావిలో కప్పలా బతికానక్కగారూ ఇన్నాళ్ళూ" అన్నాడు తాతయ్య. ఆవిడ నవ్వి, కొంగు ముడి విప్పి చూపించింది. మా పత్తి చేను మట్టి ఉండ. ఎండి రాయైపోయింది గానీ తాతయ్య వేళ్ళ అచ్చు అలాగే ఉంది. "మేమూ నమ్మలేదుగా. ఇది ఊరంతా తిప్పి చూపించా. నీళ్ళు పొయ్యకుండా పండే నేలుందంటే ఒక్కళ్ళు నమ్మితే ఒట్టు" అంది.

తిరుగు బస్సులో నా ఒళ్ళో ఒక కూల్‌డ్రింకు సీసా ఉంది. ఆవిడ నింపి ఇచ్చిన దొరువు నీళ్ళు. సంబంధం గురించి తాతయ్య దారిలో ఒక్క ముక్క మాట్లాడలేదు. పర్చూరు దగ్గర బస్సు ఆగినా దిగలేదు, మట్టి పిసకలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సీసా వంక మాత్రం రెండుసార్లు ఆశగా చూశాడు. నేను ఇవ్వలేదు.

ఇంటికి చేరేసరికి బాగా రాత్రైంది. అత్త వాకిట్లోనే ఉంది. నేనేం చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని నేను, ఆ ఒక్కరోజు నోరు మెదపకుండా సీసా ఆమె చేతిలో పెట్టాను. ఆమె మూత తీసి ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగబోయి ఆగింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, చిన్న గిన్నెలో గుప్పెడు కందిపప్పు వేసి, మిగిలిన నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. మా ఊరి ఆడవాళ్ళు నీళ్ళను నమ్మేది నాలుకతో కాదు, పప్పుతో. ఇల్లంతా పొయ్యి చుట్టూ చేరింది. నాయనమ్మ, అమ్మ, కల్లం నుంచి వచ్చిన నాన్న, గుమ్మంలో తాతయ్య. కట్టె ఒక్కటి కాలీకాలకముందే పప్పు పొంగింది. అత్త గరిటతో ఒక బద్ద తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కింది. వెన్నలా నలిగిపోయింది.

ఆమె ఆ వేళ్ళ వంకే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తుడుచుకుంది. అది పొగ వల్ల కాదని అందరికీ తెలుసు. గుమ్మంలోంచి తాతయ్య, "రేపు పొద్దున్నే కబురు చెయ్యండ్రా. ముహూర్తాలు పెట్టుకుందాం" అని నాన్నతో అన్నాడు. ఆ గుప్పెడు పప్పునే ఉప్పేసి అందరికీ తలా ఒక ముద్ద పెట్టింది అత్త. అంత రుచైన పప్పు నేను మళ్ళీ తినలేదు.

పెళ్ళయ్యాక మా రెండు ఊళ్ళకూ రాకపోకలు పెరిగాయి. ఏటా ఎండల్లో తాతయ్య వెళ్ళి దొరువు గట్టున కూర్చుని వచ్చేవాడు. ఏటా మిరపకాయల కాలంలో ఆవిడ మా ఊరొచ్చి, తుమ్ముకుంటూనే పత్తి చేలో తిరిగేది. నేను ఆవిణ్ణి ఇసక మామ్మ అనేదాన్ని. ఒక వేసవిలో మా పొలంలో నెర్రెలోకి మోచేయి దాకా చెయ్యి దూర్చి, "ఇంత నోరు తెరిచి ఉందేం అన్నయ్యగారూ, దాహమా దీనికి?" అని అడిగింది. తాతయ్య నవ్వలేదు. "అవునక్కగారూ, మొదటి వాన మొత్తం తాగటానికి ఇప్పట్నుంచే తెరిచి పెట్టుకుంది" అని శ్రద్ధగా చెప్పాడు. ఒకళ్ళ నేల ముందు ఇంకొకళ్ళు చిన్నపిల్లల్లా నిలబడి ఆశ్చర్యపోవడం వాళ్ళిద్దరికీ చివరిదాకా తీరలేదు. ఇసకలోకి ఇంకిన వాన నీళ్ళు తేలిక కనక ఉప్పు నీళ్ళ మీద తేలుతాయని నేను పై క్లాసుల్లో చదువుకున్నాను. చదివాక నా ఆశ్చర్యం ఇంకా పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇప్పుడు నా తలలోనూ తెల్ల వెంట్రుకలొచ్చాయి. ఉద్యోగం పేరు చెప్పి దేశంలో చాలా మూలలు తిరిగాను. రాజస్థాన్‌లో ఇంటి కప్పు మీద పడిన వానను వాకిట్లో నేల కిందే దాచుకునే పల్లెలు చూశాను. మేఘాలయ కొండల్లో వెదురు గొట్టాల గుండా మొక్క మొదలు దాకా నడిచొచ్చే నీళ్ళు చూశాను. ప్రతి చోటికీ వెళ్ళబోయే ముందు ఎవరో ఒకరు చెబుతారు, అక్కడేముంది, రాళ్ళు, అక్కడేముంది, దుమ్ము, ఆ మనుషులంతే అని. నిజం చెప్పాలంటే కొత్త ఊళ్ళో దిగగానే నాకూ అలాగే అనిపిస్తుంది. మా తాతయ్య మనవరాల్ని కదా, చెయ్యి దానంతటదే పిడికిలిగా బిగుసుకుంటుంది. అప్పుడు ఇసక మామ్మ నా ముందు చతికిలబడి గుండ్రం గీసినట్టే ఉంటుంది. ఆ ఊరి గురించి ఒక్క మాట అనకముందే, ఎదురైన మొదటి ఇంటి ముందు ఆగి దాహమంటాను. వాళ్ళు చెంబు తెచ్చేసరికి నా వేళ్ళు విచ్చుకుని, దోసిలి పట్టి ఉంటాయి.